తల్లి లేని ప్లేటు

మా నాన్నగారు పోయిన ఇరవై రెండేళ్లకి ఆయన గొంతు ప్లేటెక్కింది. ఎక్కించింది మా అబ్బాయి. వాడు మిషిగన్‌లో కాంటన్ అనే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఈసారి సెలవుకి వస్తూ చాక్లెట్లకి బదులు రెండు నల్ల ప్లేట్లు బట్టల మధ్య దోపి తెచ్చాడు. పన్నెండంగుళాలవి. తెల్ల లేబులు, దాని మీద అక్షరం ముక్క లేదు. ఇవి పరీక్ష కాపీలట. విని బాగున్నాయని జవాబిస్తే అక్కడి ఫ్యాక్టరీ మిగతా వందా కొడుతుంది. గడువు పది రోజులు.

నాన్నగారు తెనాలి పక్క పల్లెలో బడిపంతులు. ఈలపాట రఘురామయ్య ప్లేట్లు విని పద్యం పట్టుకున్న తరం. 1978లో ఎవరి దగ్గరో స్పూల్ టేప్ రికార్డరు అడిగి తెచ్చుకుని, హార్మోనియం ముందేసుకుని, ఒక రాత్రంతా పాడారు. ఆ స్పూలే ఇప్పుడిలా మారింది.

వినడానికి మా అన్నయ్యని కూడా భోజనానికి పిలిచాను. పిలవకపోతే బాగుండేదని ఆ మధ్యాహ్నం రెండు మూడుసార్లు అనిపించిన మాట నిజం. అన్నయ్య బాలానగర్‌లో ముప్ఫై ఏళ్ల పైన షెడ్డు నడిపినవాడు. మొదట నికెల్ ప్లేటింగు, తర్వాత బేకలైట్ మౌల్డింగు. మీ ఇంట్లో పాత కుక్కరుంటే దాని పిడి ఆయన ప్రెస్సులోంచి వచ్చిందే కావచ్చు. గ్రామఫోన్ ప్లేటు తయారీకి కావలసిన రెండు విద్యలూ చేతిలో ఉండి, ప్లేటంటే కాసింత మోజు కూడా లేని మనిషి ఆయన. నేను సాయంత్రం పచ్చడికి గోంగూర తుంచుకుంటూ విన్నది విన్నట్టు రాస్తున్నాను. మధ్యలో నా నోరు ఊరుకోని చోట్లు కూడా ఉన్నాయి.

అన్నయ్య: ఒరేయ్, ముందు ఇది చెప్పు. వంద ప్లేట్లు ఎవరికి?

అబ్బాయి: చుట్టాలకి, తాతయ్య శిష్యులకి. అక్కడ పద్యాలంటే చెవి కోసుకునేవాళ్లు కొందరున్నారు మామయ్యా, వాళ్లకి.

అన్నయ్య: వీళ్లలో ప్లేయరున్నవాళ్లు?

అబ్బాయి: పదిహేనుమంది ఉంటారేమో.

అన్నయ్య: తక్కిన ఎనభై అయిదుగురూ గోడకి కొట్టుకుంటారు. అంటే నువ్వు ఫొటో ఫ్రేములు పంచుతున్నావు.

అబ్బాయి: పంచితే తప్పేంటి? 2004లో నువ్వే ఇవే పద్యాలు సీడీ చేయించావు. ఏదీ? అది తిప్పే డబ్బా ఇప్పుడీ ఇంట్లో లేదు. కేసెట్టు సాగిపోయింది. నేను దాచిన హార్డ్ డిస్కు చచ్చింది. అమ్మ బీరువాలో తాతయ్య నాటి 78 ప్లేటుంది చూడు, అది మాత్రం ముల్లు పెడితే ఇప్పటికీ పాడుతుంది.

అన్నయ్య: పాడుతుంది, బూడిద రాల్చుకుంటూ. సరే, బిల్లు చూపించు.

వాడు ఫోన్ అందించాడు. అన్నయ్య కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఫోన్ ముక్కుకి ఆనించుకుని చదివాడు. లెక్కలు చదివేటప్పుడు ఆయనకి ఎప్పుడూ అంతే.

అన్నయ్య: ఇవిగో, మొదటి మూడు పద్దులు. గాడి చెక్కినందుకు, ప్లేటింగుకి, పరీక్ష కాపీలకి. బిల్లులో సగం పైన ఇక్కడే ఊడ్చుకుపోయింది. ప్లేటు ఇంకా పుట్టనే లేదు. ఈ మూడూ వందకైనా ఇంతే, వెయ్యికైనా ఇంతే. ఇక సరుకెంత? ప్లేటుకి 140 గ్రాములు, వందకి 14 కిలోలు. పద్నాలుగు కిలోల ప్లాస్టిక్కుకి ఇంత హంగామానా!

అబ్బాయి: పెళ్లిలో తాళిబొట్టు బరువెంత మామయ్యా?

అన్నయ్య: తాళిబొట్టుకి ఎవడూ డై చేయించడురా. కంసాలి ఒక్కోటీ చేత్తో చేస్తాడు. నేనూ అదే అంటున్నా. అచ్చనేది వేలకి పుట్టిన వస్తువు. పది పిడుల కోసం డై కోయించేవాణ్ణి బాలానగర్‌లో పిచ్చివాడంటారు.

ఈ మాట ఆయన మళ్లీ చెప్తాడు. అప్పుడు మా అబ్బాయి ఇంకోలా జవాబిస్తాడు. ముందు ఇది ఎలా తయారవుతుందో వాడు చెప్పిన సంగతి.

అబ్బాయి: అల్యూమినియం పళ్లెం మీద నైట్రోసెల్యులోజ్ లక్క పూత ఉంటుంది. గోళ్లరంగులో ఉండే సరుకే. దాన్ని తిప్పుతూ వేడి చేసిన కెంపు ముల్లుతో గాడి చెక్కుతారు. వెంట్రుక కన్నా సన్నం. ఒక పక్క 22 నిమిషాలంటే 730 చుట్లు. ఊడదీసి చాపితే అర కిలోమీటరుకి కాస్త తక్కువ.

అన్నయ్య: ఆ పళ్లేలు ఎక్కడ చేస్తారు?

అబ్బాయి: అదొక బాధ. కాలిఫోర్నియాలో బ్యానింగ్ అనే ఊళ్లో అపోలో మాస్టర్స్ అని ఉండేది. 2020 ఫిబ్రవరి 6న కాలిపోయింది. ఆ తర్వాత చెప్పుకోదగ్గది జపాన్‌లో ఎం.డి.సి. ఒక్కటే మిగిలింది.

అన్నయ్య: నైట్రోసెల్యులోజ్ కదూ, కాలక ఏం చేస్తుంది! భూమ్మీద ఉన్నది ఒక్క దుకాణం. దాన్ని నమ్ముకుని మీది కుటీర పరిశ్రమ. బాగుంది.

అబ్బాయి: రాగి పళ్లెం మీద సూటిగా చెక్కే పద్ధతి కూడా ఉందిలే. నాది లక్క మీదే.

అన్నయ్య: మరి లక్క మీద కరెంటు పారదుగా. వెండి చల్లారా?

ఇక్కడ ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు. నేను చూశాను.

అబ్బాయి: ముందు టిన్ క్లోరైడుతో కడిగి, ఆ మీద వెండి. అద్దం వెనక పూసినట్టే.

అన్నయ్య: ఆ తర్వాత నికెల్ తొట్టి. వాట్స్ తొట్టా, సల్ఫమేటా?

అబ్బాయి: సల్ఫమేట్.

అన్నయ్య: మరే. వాట్స్ తొట్టిలో పెంచితే రేకు లోపల్లోపల బిగుసుకుంటుంది, ఊడదీయగానే అప్పడంలా మెలి తిరుగుతుంది. చెల్లాయ్, విను. మేము సైకిల్ హ్యాండిలుకి నికెల్ వేసి అది ఊడకూడదని ఏళ్ల తరబడి ఏడ్చాం. వీళ్లు అదే నికెల్ వేసి చక్కగా ఊడి రావాలని ఏడుస్తారు. రేకు మందం ఎంత ఉంచుతారురా?

అబ్బాయి: 0.2 మిల్లీమీటరు దరిదాపు.

ఇలా ఊడదీసిన మొదటి నికెల్ రేకుని ఆ పనివాళ్లు తండ్రి అంటారట. ప్లేటులో గాడి ఉన్నచోట దీని మీద మిట్ట ఉంటుంది. ఈ తండ్రి మీద మళ్లీ నికెల్ పెంచి ఊడదీస్తే వచ్చేది తల్లి. తల్లిలో గాడి గాడిగానే ఉంటుంది, ముల్లు పెట్టి వినొచ్చు కూడా. తల్లి మీద పెంచి తీసింది అచ్చు. ప్రెస్సుకి బిగించేది దాన్ని. ఒక తల్లి నుంచి ఎన్నో అచ్చులు తీసుకోవచ్చు. తండ్రికి తల్లి పుట్టే ఈ వంశక్రమం నేను ఏ పురాణంలోనూ వినలేదు కానీ, తల్లి చచ్చిపోకుండా అలమరలో ఉంటే పిల్లలకి కొదవ లేదన్న సంగతి మాత్రం వెంటనే బోధపడింది.

అన్నయ్య: నీ ప్లేటుకి తల్లిని చేశారా?

అబ్బాయి: లేదు. వందేగా, తండ్రినే అచ్చుగా బిగించేస్తామన్నారు. ఖర్చు తగ్గుతుందని నేనూ సరేనన్నాను. వెయ్యి కాపీల దాకా ఢోకా లేదన్నారు.

అన్నయ్య: ఎన్నింటికి ఆగుతుందని నేనడగలేదు. దానికేదైనా అయితే?

అబ్బాయి: అయితే... మళ్లీ లక్క పళ్లెం చెక్కించాలి. మొదటిది రేకు ఊడదీసేటప్పుడే పాడైపోతుంది.

అన్నయ్య "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ ఎలాంటిదో తెలియాలంటే ఆయన చెల్లెలై పుట్టాలి.

ప్రెస్సు సంగతికి వచ్చేసరికి వాడి కళ్లు మెరిశాయి. డెట్రాయిట్‌లో కేన్‌ఫీల్డ్ వీధిలో జాక్ వైట్ అనే పాటగాడి థర్డ్ మ్యాన్ దుకాణం ఉంది. వెనకాలే 2017 ఫిబ్రవరిలో ప్రెస్సింగ్ ప్లాంటు తెరిచారు. దుకాణంలో నిలబడి అద్దం గోడలోంచి చూడొచ్చు. ఎనిమిది ప్రెస్సులు, అప్పటికి కొత్తగా తయారైనవి. అప్పటిదాకా ఈ రంగం చాలావరకు నలభై యాభై ఏళ్ల నాటి తుక్కు యంత్రాలకి మరమ్మతులు చేసుకుంటూ బతికింది. మావాడు కాంటన్ నుంచి కారేసుకుని శనివారాలు వెళ్లి ఆ అద్దం ముందు నిలబడేవాడట. పద్యాలు అచ్చేయించాలన్న పురుగు అక్కడే కుట్టింది. అయితే వాడి ప్లేట్లు కొట్టింది వాళ్లు కాదు. వేరే రాష్ట్రంలో, వంద కాపీల ఆర్డరుకి కూడా తల ఊపే చిన్న ప్లాంటు ఒకటి.

అబ్బాయి: వినైల్ గుళికలు కరిగి ఒక ఉండలా వస్తాయి మామయ్యా. ఉండకి పైనా కిందా లేబులు పెడతారు. జిగురుండదు, ఆ వేడికి లేబులే అతుక్కుపోతుంది. రెండు అచ్చుల మధ్య ఉండ పెట్టి నొక్కితే అరనిమిషంలో ప్లేటు. అంచున కారినదాన్ని చుట్టూ కోసేస్తారు.

నేను: మన పూరీ ప్రెస్సే కదరా.

అబ్బాయి: అదే అమ్మా. వంద టన్నుల పూరీ ప్రెస్సు.

అన్నయ్య పేపరు అంచు మీద లెక్క వేశాడు. 30 సెంటీమీటర్ల గుండ్రం, 707 చదరపు సెంటీమీటర్లు. వంద టన్నులు పంచితే చదరపు సెంటీమీటరుకి 141 కిలోలు.

అన్నయ్య: నొక్కడం పెద్ద బరువేం కాదు. మా పిడులకీ అంతే పట్టేది. అసలు చిక్కు చల్లార్చడంలో ఉంది. బేకలైట్ ఉడికించిన గుడ్డు లాంటిదిరా. ఒకసారి గట్టిపడితే ఇక కరగదు, వేడివేడిగానే తీసి పక్కన పడేస్తాం. వినైల్ మైనం. నూట యాభై డిగ్రీల ఆవిరితో కాచి, అదే డైలో వెంటనే చన్నీళ్లు పారించి చల్లార్చి తీయాలి. మళ్లీ కాచాలి, మళ్లీ చల్లార్చాలి, ప్లేటు ప్లేటుకీ. తొందరపడి తీస్తే వంకరపోతుంది. కాపు చాలకపోతే గాడిలోకి పూర్తిగా దిగదు, అక్కడ ముల్లు గీరినట్టు చిరచిరలాడుతుంది. ఆ రెంటి మధ్యా సందు రెండు మూడు సెకన్లు. అది మొదటి పది ప్లేట్లకి దొరకదు. డై కుదురుకోవాలి, నీళ్లు కుదురుకోవాలి. వెయ్యి కొట్టేవాడు మొదటి యాభై తుక్కులో వేసి లెక్కచెయ్యడు. వంద కొట్టేవాడు యాభై తుక్కులో వేస్తాడా?

అబ్బాయి: తుక్కు కూడా పొడిచేసి మళ్లీ వాడతారులే.

అన్నయ్య: మాట దాటెయ్యకు.

(అన్నయ్య చెప్పిన ఈ ముక్కకి మావాడు ఆ రోజంతా జవాబు చెప్పలేదు. నాకూ ఏ జవాబూ తోచలేదు.)

అబ్బాయి: అక్కడ పనిచేసే మనిషి ప్రతి ప్లేటునీ చేత్తో పట్టుకుని వెలుతురుకి వంచి చూస్తుంది. నేను కళ్లారా చూశాను.

అన్నయ్య: చూస్తుంది. వినదుగా! వినాలంటే ఒక్కోదానికీ నలభై నిమిషాలు. సరే, అసలు స్పూలు ఎలా ఎక్కించావు? టేపు నుంచి సూటిగానా?

అబ్బాయి: కంప్యూటర్లోకి తీసి, బుస తగ్గించి, ఆ ఫైలు పంపాను.

అన్నయ్య: అంటే ఇదీ డిజిటలే! మీ ప్లేటు భక్తులు ఒప్పుకుంటారా?

అబ్బాయి: దాచిపెట్టి అమ్మితే తప్పు. మొబైల్ ఫిడెలిటీ అని ఒక కంపెనీ, అంతా టేపు నుంచి సూటిగా అని జనం నమ్మేలా అమ్మింది. మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని 2022లో బయటపడింది. కోర్టుకెక్కితే రెండున్నర కోట్ల డాలర్లకి రాజీ పడ్డారు. నేను కవరు మీదే రాయిస్తున్నాను, 1978 స్పూలు, కంప్యూటర్లో శుభ్రం చేసినది అని.

అన్నయ్య: అయితే ఆ ఫైలే నాకు వాట్సాప్‌లో పంపరాదూ? ప్లేటు చెక్కేటప్పుడు బేసు అణిచేస్తారు, సన్నశబ్దం పెంచేస్తారు, వినేటప్పుడు దాన్ని తిరగేస్తారు. మళ్లీ లోపలి గాళ్లకి వచ్చేసరికి వేగం పడిపోతుంది.

అబ్బాయి: అవును. అంచున ముల్లు కింద సెకనుకి 51 సెంటీమీటర్ల గాడి పోతుంది, లోపలికొచ్చేసరికి 21. అందుకే చెక్కే ఆయన స, శ ఎక్కువున్న పద్యాలు మొదట్లో పెట్టమన్నాడు, మంద్రంలో సాగేవి చివర పెట్టమన్నాడు. తాతయ్య పాటని ఆయన నాకన్నా శ్రద్ధగా విన్నాడు మామయ్యా, తెలుగు ముక్క రాదు. వాట్సాప్ అలా వింటుందా?

అన్నయ్య: అది ఆయన మంచితనం. ప్లేటు గొప్పతనం కాదు.

అబ్బాయి: ప్లేటు వల్లే విన్నాడు. పక్కకి 22 నిమిషాలే అనేసరికి నేనూ కూర్చుని ఏది ఉంచాలో, ఏది తీసేయాలో మూడు వారాలు విన్నాను. అంతకు ముందు ఆ ఫైలు నా దగ్గర ఆరేళ్లుంది. ఒక్కసారైనా పూర్తిగా వినలేదు.

నిజం చెప్పాలంటే నేనూ వినలేదు. గోంగూర కాడలు ఒక పక్కకి తోశాను.

భోజనాలయ్యాక ప్లేటు పెట్టారు. మొదట కాసేపు చిటపట, తర్వాత హార్మోనియం శ్రుతి, ఆ మీద నాన్నగారి గొంతు. ఎవరం ఏమీ మాట్లాడలేదు. రెండో పద్యం, మూడో పద్యం. నాలుగో పద్యంలో ఆయన రాగం తీస్తూ ఆగితే హార్మోనియం ఒక్కటే నిలిచింది. అన్నయ్య తల పక్కకి వంచాడు. స్వరం మెల్లగా కిందికి జారి, మళ్లీ పైకొచ్చి, మళ్లీ జారింది. ఆఖరి పద్యానికి హార్మోనియం కల్లు తాగినట్టు ఊగుతోంది.

అన్నయ్య: నాన్నగారి హార్మోనియం అలా ఊగేది కాదు.

అబ్బాయి: టేపు పాతది కదా.

అన్నయ్య: టేపు తప్పు ఇంత క్రమంగా రాదు. నీ ప్లేటు నిమిషానికి 33 చుట్లు, చుట్టుకి 1.8 సెకన్లు. వాచీ చూసుకో. ఊపు కూడా అంతే.

ఆయన వంగి, ప్లేటుకి కన్ను సమానంగా పెట్టి చూశాడు. ముల్లు పట్టుకున్న చెయ్యి చుట్టు చుట్టుకీ లోపలికీ బయటికీ ఊగుతోంది. నా కుట్టుపెట్టెలోంచి చిన్న స్కేలు తెప్పించి పక్కన ఆనించాడు.

అన్నయ్య: ఊపు రెండు మిల్లీమీటర్లు. సగం తీసుకో, చిల్లు ఒక మిల్లీమీటరు పక్కకి ఉంది. లోపలి చుట్టు వ్యాసార్ధం ఆరు సెంటీమీటర్లయితే అరవైలో ఒకటి. ఒకటిన్నర శాతం పైమాటే పైకి, అంతే కిందికి. మెట్టుకీ పక్క మెట్టుకీ దూరమే ఆరు శాతం. నువ్వు సగం మెట్టు ఊపుతున్నావు, తాతగారి శ్రుతిని!

అబ్బాయి: మొదటి పద్యంలో తెలియలేదే?

అన్నయ్య: అంచున వ్యాసార్ధం పెద్దది, అదే మిల్లీమీటరు అక్కడ కనపడదు. లోపలికొచ్చేకొద్దీ బయటపడుతుంది. సినిమా పాటైతే ఇక్కడా దొరకదు, హోరులో కొట్టుకుపోతుంది. హార్మోనియం శ్రుతి నిలకడ కదా, పట్టించేసింది. రెండోది పెట్టు.

రెండో కాపీ పెట్టారు. ఊగింది. అప్పుడు అన్నయ్య చేసిన పని నాకు నచ్చింది. ప్లేటు చివర నున్నటి జాగాలో సన్నగా గీకిన నంబరు ఒకటుంటుంది. చెయ్యి బాగా బయటికి పోయినప్పుడు ఆ నంబరు ఎక్కడుందో రెండు ప్లేట్ల మీదా ముగ్గుచాక్‌పీసుతో చుక్క పెట్టాడు. రెండు చుక్కలూ ఒక్కచోటే పడ్డాయి.

అన్నయ్య: అదీ సంగతి. ప్లేటు ప్లేటుకీ వచ్చిన తప్పయితే చుక్క మారేది. ఇది అచ్చుకి చిల్లు కొట్టడంలో ఉంది, లేదా అచ్చు బిగింపులో ఉంది. రెండో పక్క చూడు.

రెండో పక్క శ్రుతి దారం పట్టినట్టు నిలిచింది. చెయ్యి కదలలేదు.

అన్నయ్య: ముందు వాళ్లని అచ్చు విప్పి మళ్లీ బిగించమను. దాంతో పోతే నీ అదృష్టం. పోకపోతే నీ తండ్రి రేకుకి చిల్లు తప్పుపడింది. అలమరలో తల్లి ఉంటే ఇంకో అచ్చు తీసేవాళ్లు, ఒక్కరోజు పని. నీకు తల్లి లేదు. మళ్లీ లక్క, మళ్లీ వెండి, మళ్లీ నికెల్. చిన్నగా చేద్దామని మిగిల్చిందంతా ఇక్కడ కక్కాలి. అందుకేరా, గ్రామఫోన్ కంపెనీ 1908లో కలకత్తాలో ఫ్యాక్టరీ పెట్టి, 1928లో డమ్‌డమ్‌కి మార్చుకుని, దేశం మొత్తానికీ ఒక్కచోట కొట్టింది. ఘంటసాల భగవద్గీత ప్రతి గుడి మైకులోకీ ఎక్కిందంటే అలా వేల మీద కొట్టబట్టి. నీలాగా వందలు కొడితే ఎక్కేదా?

అబ్బాయి: ఎక్కేది కాదు. కానీ డమ్‌డమ్‌లో తల్లులు ఎవరెవరివి ఉండేవి మామయ్యా? వేలు అమ్ముడుపోతాయనుకున్నవాళ్లవి. తెనాలి పక్క పల్లెలో బడిపంతులు పద్యాలకి వాళ్లు లక్క పళ్లెం తిప్పుతారా? పెద్ద ఫ్యాక్టరీలో అయితే తల్లి ఉండేది, నిజమే. తాతయ్య ఉండేవారు కాదు.

అన్నయ్య వెంటనే ఏమీ అనలేదు. మంచినీళ్లు తాగాడు.

అబ్బాయి: ఇప్పుడూ అంతే. 2022లో అమెరికాలో ఎల్పీలు 4.1 కోట్లు అమ్ముడుపోయాయి, సీడీలు 3.3 కోట్లు. 1987 తర్వాత సీడీని ప్లేటు దాటడం అదే మొదలు. దాంతో పెద్ద కంపెనీల ఆర్డర్లు వచ్చిపడి చిన్నవాళ్ల వందలూ రెండొందలూ వెనక్కిపోయాయి. జాక్ వైట్ అదే ఏడాది మార్చిలో వీడియో పెట్టి, మీ ఫ్యాక్టరీలు మీరు కట్టుకోండి అని మూడు పెద్ద కంపెనీలనీ బతిమాలాడు. వంద కొడతానన్న ప్లాంటు దొరకడమే నాకు గొప్ప. వాళ్లకీ అనుభవం చాలదు, ఒప్పుకుంటా.

అన్నయ్య: అనుభవం లేనివాడికి నాన్నగారిని ఎందుకిచ్చావు అని నా బాధ. సరే, చిన్నగానే కావాలంటే చిన్న పనిముట్టు పట్టుకో. చెక్కే యంత్రంతోనే ఒక్కో ప్లేటూ చెక్కించు. తండ్రీ లేదు, తల్లీ లేదు, అచ్చూ లేదు. ఒకటి చెడితే ఒకటే చెడుతుంది. కంసాలి పని అన్నానే, అది.

అబ్బాయి: అలా చెక్కేవాళ్లున్నారు. ఒక్కోటీ రెండు పక్కలూ నలభై నిమిషాలు. వందకి 4,000 నిమిషాలు.

అన్నయ్య: అరవై ఆరు గంటల నలభై నిమిషాలు. ఎనిమిది రోజుల పని. అబ్బో అనేంత లేదు. అయినా నీకు వంద ఎందుకు? పదిహేనుమందికే ప్లేయరుందన్నావు. పదిహేను చెక్కించు.

అబ్బాయి: గట్టి ప్లాస్టిక్ మీద చెక్కింది అచ్చు ప్లేటంత నిశ్శబ్దంగా ఉండదు. లెనిన్‌గ్రాడ్‌లో యుద్ధం తర్వాత నిషేధించిన పాటల్ని వాడేసిన ఎక్స్‌రే ఫిల్ముల మీద చెక్కి రహస్యంగా అమ్మేవాళ్లట. పక్కటెముకల బొమ్మ మీద పాట. మధ్యలో చిల్లు సిగరెట్టుతో కాల్చేవాళ్లని చెప్తారు. నాలుగుసార్లు తిప్పితే అరిగిపోయేవి.

అన్నయ్య: సిగరెట్టుతో కాల్చిన చిల్లు నీ ఫ్యాక్టరీవాడి చిల్లు కన్నా నడిమధ్యకి ఉండి ఉంటుంది.

నేను నవ్వాను. మావాడు కూడా, కాస్త ఆలస్యంగా.

అబ్బాయి: పోనీ, నువ్వే పెట్టు మామయ్యా. ముంబైలో 2024లో మళ్లీ ప్లాంటు మొదలెట్టారు. నీ షెడ్డు ఖాళీగా ఉంది, ప్రెస్సుంది. కంప్రెషన్ మౌల్డింగు నీకు కొట్టిన పిండి.

అన్నయ్య: ప్రెస్సుంటే అయిపోయిందా? ఆవిరికి బాయిలర్ కావాలి, బాయిలర్‌కి ఇన్‌స్పెక్టర్ సర్టిఫికెట్ కావాలి. చల్లార్చడానికి చిల్లర్. నికెల్ తొట్టి మళ్లీ తెరిస్తే ఆ మురుగునీళ్లు ఎక్కడ శుద్ధి చేశావో పొల్యూషన్ బోర్డుకి చెప్పాలి. ఆ నోటీసులకి దణ్ణం పెట్టే కదా నేను ప్లేటింగు మూశాను. చిన్నది చిన్నది అంటావు. ప్లేటు చిన్నదే, దాని వెనక కావలసింది ఏదీ చిన్నది కాదు.

అబ్బాయి: అయితే గడువులోగా ఏం రాయమంటావు? వద్దని రాయనా?

అన్నయ్య: వద్దని నేనన్నానా? మొదటి పక్క తిప్పికొట్టు. ఊపు రెండు మిల్లీమీటర్లుంది, రెండు కాపీల్లోనూ ఒక్కచోటే ఉంది అని కొలతతో రాయి. బాగాలేదు అని రాస్తే మీ చెవి తప్పంటారు. చుక్క ఫొటో కూడా పెట్టు. చెల్లాయ్, గుండ్రటి ఆకురాయి ఉందా ఇంట్లో?

మాకెక్కడిది. పక్కింటి పిల్లాడి సైకిలు సామాన్ల డబ్బాలో దొరికింది. అన్నయ్య ఒక కాపీ ఒళ్లో తువ్వాలు మీద పెట్టుకుని, చాక్‌పీసు చుక్క ఆసరాతో ఎటు అరగదీయాలో గుర్తుపెట్టుకుని, చిల్లుని ఒక్కవైపే మెల్లగా రాకడం మొదలెట్టాడు. నల్లటి పొడి తువ్వాలు మీద రాలింది. మావాడు పళ్లు బిగించుకుని చూస్తున్నాడు.

అబ్బాయి: రెండో పక్కకీ ఇదే చిల్లు కదా మామయ్యా! అది పాడవుతుందేమో.

అన్నయ్య: కోడిగుడ్డులా కోలగా చేస్తున్నా. ఈ పక్క పెట్టినప్పుడు ఇటు జరుపు, ఆ పక్క పెట్టినప్పుడు మునుపటి చోటికి జరుపు.

అబ్బాయి: ప్రతిసారీ చేత్తో జరుపుకోవాలా? వందమందీ?

అన్నయ్య: వందమంది సంగతి కాదు. ఇది ఇక్కడుండే కాపీ.

ప్లేటు మళ్లీ ఎక్కించి చివరి పద్యం దగ్గర ముల్లు పెట్టాడు. ఇంకా ఊగుతోంది. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ముల్లు చేతిని చూస్తూ, తిరుగుతున్న ప్లేటు అంచుని చూపుడువేలి గోటితో ఒకసారి తట్టాడు. ముల్లు గాడి దాటి గెంతింది. "ఆపి జరుపు మామయ్యా, ముల్లు పోతుంది" అని మావాడు గోల. ఆపారు. వెంట్రుకవాసి జరిపారు. మళ్లీ పెట్టారు. ఊపు తగ్గింది.

"ఇంకాస్త," అన్నాడు అన్నయ్య. "కిటికీ వైపుకి."